శుక్రవారం నాకు సెలవు

నేను ఒక ముద్రని. పెద్దల కథలుండే వెబ్‌సైటులో పేజీ నెత్తిన ఎర్రగా '18+' అని కూర్చుంటాను. తెనాలిలో ఝాన్సీ అనే అమ్మాయి నన్ను తయారు చేసింది. కంటికి కనబడే అంకె వెనక కనబడని గుర్తు ఒకటి దాచింది. పిల్లల ఫోనుల్లో పెద్దవాళ్ళు పెట్టే తాళం ఆ గుర్తు చూడగానే పేజీ తెరవనివ్వదు.

నా యజమాని ఫణిభూషణం, ఝాన్సీకి బాబాయ్ వరస. అతని సైటులో పైన వ్రతకథలు, కింద 'ఏకాంత కథలు'. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, రెండూ ఒకే చేత్తో ఎక్కించేవాడు. 'పద్దెనిమిది నిండాయా?' అని నేనడిగితే నిండలేదని వెనక్కి పోయినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. అబద్ధమాడటానికి మనుషులకి వయసుతో పనిలేదు. ఫణిభూషణం తన పదకొండేళ్ళ కూతురు హంసిని ఫోనుకి మాత్రం జాగ్రత్తగా తాళం వేశాడు. ఊళ్ళో పిల్లలు ఎవరి పిల్లలో!

శ్రావణమాసం వచ్చింది.

"శుక్రవారం పూట ఆ ఎర్ర అంకేమిటే, అశుభంగా! తీసెయ్" అన్నాడు ఫణిభూషణం ఝాన్సీతో.

"కథలు కూడా తీసెయ్యనా బాబాయ్?"

"కథలేం చేశాయే? అవి కిందెక్కడో పడుంటాయిగా."

దేవుడు ముద్రని చూసి కోప్పడతాడుగానీ కథల జోలికి రాడని అతని నమ్మకం కాబోలు. అలా ప్రతి శుక్రవారం నాకు సెలవు దొరికింది.

ఆ తరవాతి సంగతి, ఝాన్సీ నన్ను మళ్ళీ అతికిస్తూ స్నేహితురాలికి ఫోనులో చెబుతుంటే విన్నాను. రెండో శుక్రవారం ఫణిభూషణం భార్య విశాలాక్షి ఇంట్లో వ్రతం. పేరంటాళ్ళంతా అక్షింతలు పట్టుకుని కూర్చుంటే హంసిని తన ఫోనులో, తండ్రి సైటులోంచే వ్రతకథ చదివింది. అయిపోయాక కింద 'తరువాతి కథ' అని కనబడింది.

"ఇంకోటి కూడా ఉందా తల్లీ? చదువు, పుణ్యం" అంది ఓ ముసలమ్మ.

హంసిని నొక్కింది. రెండు వాక్యాలు భక్తిగా, గొంతెత్తి చదివింది. విశాలాక్షి ఫోను లాక్కుంది.

"నాన్నా, ఆ మాటకి అర్థమేంటి?" అంది పిల్ల, అందరి ముందూ.

ఫణిభూషణం పెరట్లోకి పరిగెత్తి ఝాన్సీకి ఫోను చేశాడు. "తాళం ఏమైందే?"

"ముద్ర ఉంటేనే తాళం పడుతుంది బాబాయ్. ఈవేళ మీరే తీయించారుగా."

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? వచ్చింది. పవిత్రమైనవి అలాంటి చోట ఉండకూడదని సాయంత్రానికల్లా వ్రతకథలు తీసేశాడు. ఏకాంత కథలు అలాగే ఉన్నాయి. నాకిప్పుడు శుక్రవారం లేదు, పండగ లేదు.

రాత్రి భోజనాల దగ్గర విశాలాక్షి అంది: "పిల్ల అడిగినదానికి అర్థం చెప్పండి. ఊరందరికీ పంచారుగా, ఇంట్లో ఒక్కదానికి చెప్పలేరా?"

అతను విస్తట్లోకి చూస్తూ మజ్జిగ పొయ్యమన్నాడట. హంసిని మాత్రం అతని ముఖంలోకే చూస్తూ కూర్చుందట.