ఎడమచేతుల పాఠం

నేను ఒక చుట్టే నల్లబోర్డుని. మందపాటి గుడ్డకు రెండు పూతల నల్లరంగు వేసి, పైనా కిందా కర్రలు బిగించి నన్ను ఆదోనిలో తయారుచేశారు. గోడబోర్డులు నన్ను చూసి మూతి విరుస్తాయి గానీ, టీచరు ట్రైనింగు వాళ్లకు నేను లేకపోతే పూట గడవదు. బొమ్మలన్నీ ఇంట్లోనే నామీద వేసుకుని, చాపలా చుట్టి, చంకలో పెట్టుకుని బడికి పోతారు. సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ అయిదో ఏట శశిరేఖ దగ్గరికి వచ్చాను.

ఆ అమ్మాయికి పాఠం చెప్పడమంటే హడల్. పిల్లల ముందు నిలబడితే నోరు ఎండిపోయేది. "నాకు రాదు ఈ పని. చివరి పాఠం అయిపోతే సోమవారం బట్టల షోరూములో చేరిపోతా" అని గదిలో స్నేహితురాలితో తేల్చి చెప్పేసింది. నాకు ఒళ్లు మండింది.

ఆ చివరి పాఠం చూసి మార్కులు వేయడానికి కాలేజీ నుంచి సిద్దప్ప సారు వచ్చారు. ఇక్కడ ట్రైనింగు వాళ్ల పాత కిటుకొకటి చెప్పాలి. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలని పిల్లలకు ముందురోజే నేర్పిస్తారు. జవాబు తెలిస్తే కుడిచెయ్యి, తెలియకపోతే ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల వాళ్లనే లేపుతుంది. చూసేవాళ్లకు తరగతంతా సరస్వతీ పుత్రులే! నా కళ్లముందే నలుగురు ఈ నాటకమాడి పాసైపోయారు.

ఆరోజు పాఠం భిన్నాలు. "రొట్టెలో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగింది శశిరేఖ. నలభై చేతులు లేచాయి. ముందు వరుసలో ఉరుకుందమ్మ అనే పిల్ల ఎడమచెయ్యిని భుజం ఊడిపోయేలా ఊపుతోంది. శశిరేఖ ఆ పిల్లను దాటిపోయింది, ఆగింది, వెనక్కి తిరిగింది. ఏమనుకుందో ఏమో, ఆ పిల్లనే లేపింది.

"నాలుగో వంతు మేడం."

"ఎందుకు?"

"నలుగురం తినేనాడు మా యమ్మ శానా రొట్టెలు సేస్తాది. ముగ్గురుంటే తక్కువ సేస్తాది."

తరగతంతా నవ్వింది. శశిరేఖ నవ్వలేదు. "నువ్వు చెప్పింది నిజమే. ఉండేది ఒకే రొట్టె అని నేను చెప్పలేదు, తప్పు నాదే. పిండి అయిపోయింది, ఒక్క రొట్టే ఉంది. ఇప్పుడు?"

ఉరుకుందమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "అట్లయితే ముగ్గురే మేలు మేడం. నాలుగో మనిషి వస్తే ముక్క సన్నమైపోతాది."

ఆ తర్వాత శశిరేఖ రాసుకొచ్చిన పాఠం మరిచిపోయింది. ఎడమచేతుల వాళ్లను ఒక్కొక్కరినే లేపి, ఎందుకలా అనుకున్నారో అడుగుతూ పోయింది. ఎండిన నోరు ఎప్పుడు తడిసిందో తనకే తెలియదు. ఒళ్లంతా సుద్దపొడి పడినా నేను విసుక్కోలేదు.

గంట కొట్టారు. "రాసుకొచ్చిన దాంట్లో సగం గూడా కాలేదు కదమ్మా" అన్నారు సిద్దప్ప సారు.

"కాలేదు సార్. ఎడమచేతులు ఇంకా పదకొండు ఉండాయి."

"ఎడమచేతులేంది?"

శశిరేఖ ఉన్నదున్నట్టు చెప్పేసింది. మార్కులు పోతే పోనీ అన్నట్టు నిలబడిన ఆ అమ్మాయిని చూస్తే నాకెంత గర్వమేసిందో! సారు రికార్డు పుస్తకం తిప్పి చివరి పేజీ తీశారు.

"మేమూ ఎత్తించినాంలేమ్మా. ఎడమచెయ్యిని లేపినోళ్లను మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు" అని సంతకం పెట్టారు. "ఇంక నీకు ఈ బడితో పనిలేదు, పో."

"సోమవారం వస్తా సార్. ఆ పదకొండుమందికి చెప్పాల."

అన్నట్టే వచ్చింది. తర్వాత పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు నేను రంగు రాలి, ముడతలు పడి ఆమె బడిలో బీరువా మీద ఉన్నాను. శశిరేఖ టీచరు ప్రతి పాఠాన్నీ "ఎవరికి తెలియదు?" అని మొదలుపెడుతుంది. పిల్లలు పోటీలుపడి చేతులెత్తుతారు.