కండువా లేని బేరం

తలొంచుకుని ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల మీద నింద వెయ్యడానికి ఊళ్లో పెద్దమనిషికి క్షణం పట్టదు. నూజివీడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు రాజరాజేశ్వరికి, అదే ఇంట్లో పిలిచే రాజ్యానికి, ఆ ఏడాది మామిడి సీజన్లో ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

ఎవరైనా ఫోను హ్యాండిలు తిప్పగానే బోర్డు మీద వాళ్ల నంబరు బిళ్ల పడుతుంది. ఆ బిళ్ల కింది కన్నంలో తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనడం ఆమె పని. అప్పట్లో ఊళ్లో ఫోన్లున్నవాళ్లలో మామిడి వర్తకులే ఎక్కువ. వాళ్లకి కావలసింది కలకత్తా. బెజవాడని బతిమాలి, మద్రాసుని బతిమాలి ట్రంకు కాల్ కలిపేసరికి గొంతు ఎండిపోయేది. కలిపాక కూడా లైను తెగిందేమోనని మధ్యమధ్య విని చూడాలి. అలా వింటున్నప్పుడు చెవిన పడ్డ మాటే ఆమె కొంప ముంచింది.

పెద్ద వర్తకుడు వెంకటాచలపతి రోజూ కలకత్తాలో కమీషన్ ఏజెంటు భాస్కరరావుకి ఫోను చేసి, "అత్తగారికి ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఒకరోజు అవతలినుంచి "మంచం పట్టారండీ" అని వినపడింది. రాజ్యానికి మనసు చివుక్కుమంది. శనివారం గుళ్లో ఆయన భార్య సూర్యకాంతం కనపడితే, "కలకత్తాలో మీ అమ్మగారికి నెమ్మదించిందాండీ?" అని అడిగింది పాపం.

సూర్యకాంతం తల్లి ఎప్పుడో కాలం చేసింది. ఫోన్లో అత్తగారంటే మామిడి రేటు. ఆవిడ లేచి తిరుగుతుంటే రేటు పెరిగినట్టు, మంచం పడితే దిగినట్టు.

ఇంకేముంది, ఆ ప్రశ్న ఆవిడ నోటమ్మట మొగుడి చెవిన పడింది! వెంకటాచలపతి అసలే మండిపోతున్నాడు. రేటు తెలుసుకుని ఆయన మనిషి చాట్రాయి తోటలకి బయల్దేరేలోగా, ఎదురుకొట్టు భానుమూర్తి మనిషి అక్కడ బేరం కుదుర్చుకుని వచ్చేస్తున్నాడు. మధ్యలో కూర్చుని వింటున్నది ఈ పిల్లే కదా అనుకున్నాడు. నడిబజార్లో నిలబడి, "మేష్టారి కూతురు మా మాటలు అమ్ముకుంటోంది" అని కేకలేశాడు. పై ఆఫీసుకి పిటిషన్ కూడా పెట్టాడు.

"బెజవాడ నుంచి ఆఫీసరు వచ్చి విచారించేదాకా బోర్డు మీద కూర్చోవద్దమ్మా. రుజువైతే ఉద్యోగం పోతుంది" అన్నాడు సూపర్‌వైజరు ప్రభాకరరావు, ఆమె మొహంకేసి చూడకుండా.

విన్న మాట బయట ఎత్తడం తప్పే. రాజ్యం ఆ తప్పు ఒప్పుకుంది. కానీ అమ్ముకోవడమా! చుట్టాలంతా వద్దన్నా కూతుర్ని ఉద్యోగానికి పంపిన మేష్టారు, రోజూ పొద్దున్నే బజారు చివర లైబ్రరీకి వెళ్లి పేపరు చదివే మనిషి, ఇప్పుడు గడప దాటడం లేదు. పేపర్లో మాత్రం ఏముంటుందిలే అంటున్నాడు. ఆ మాటకి రాజ్యం ఒళ్లు మండిపోయింది. చెప్పులేసుకుని నేరుగా వెంకటాచలపతి కొట్టుకి వెళ్లింది.

"నేను ఎవరికి ఏం చెప్పానో నా మొహం మీద చెప్పండి" అంది మెట్టు మీదే నిలబడి.

"విన్నావా లేదా? విన్నదానివి ఊరుకుంటావా?"

"నన్ను బోర్డు మీంచి లేపేశారుగా. మరి మీ రేటు బయటికి పోవడం ఆగిందా?"

"నీ బదులు కూర్చున్నవాడికి నేర్పే ఉంటావు!"

ఆమె నోరు తెరిచేలోగా ఫోను మోగింది. కలకత్తా. మళ్లీ విందనే మాట పడకూడదని రాజ్యం కసిగా రెండు చెవులూ మూసుకుంది. చెవులు మూసుకున్న మనిషికి చూడ్డం తప్ప పనేముంది? చూసింది.

మామిడి బజార్లో రేటు నోటితో అనరు. ఇద్దరూ చేతులు కలిపి, పైన కండువా కప్పి, కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. వెంకటాచలపతికి మీసం రాకముందు నుంచీ అదే అలవాటు. ఇప్పుడు కుడిచేత్తో రిసీవరు పట్టుకుని నోటితో అత్తగారి ఆరోగ్యం అడుగుతున్నాడు. ఎడంచెయ్యి మాత్రం దాని మానాన అది గాల్లో బేరమాడేస్తోంది. రెండు వేళ్లు ముడిచింది, గుప్పిట బిగించింది, బొటనవేలు విదిల్చింది. పైన కండువా లేదు, అంతే.

ఎదురుకొట్లో భానుమూర్తి పేపరు పైనుంచి ఆ చేతినే చూస్తున్నాడు. తన మోకాలి మీద అవే వేళ్లు ముడుచుకుని, గుమాస్తాతో ఏదో అన్నాడు. గుమాస్తా సైకిలెక్కాడు.

రాజ్యం విసురుగా ముందుకొచ్చింది. ఇందుకా తన తండ్రి ఇంట్లో కూర్చున్నది! దిండు మీదున్న కండువా తీసి వెంకటాచలపతి ఎడంచేతి మీద పడేసింది.

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు. ఎదురుకొట్టుకేసి చూశాడు. భానుమూర్తి గభాల్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బుట్టలు మోసే కూలీలు పగలబడి నవ్వారు. వెంకటాచలపతి మొహంలో నెత్తురు లేదు. ఫోను పెట్టేసి, రాజ్యాన్ని కొట్టు లోపలికి రమ్మని గొంతు తగ్గించాడు.

"పొరపాటైపోయింది తల్లీ. పిటిషన్ వెనక్కి తీసుకుంటాను. ఈ రసాల బుట్ట మీ నాన్నగారికి ఇయ్యి. సంగతి మన మధ్యే ఉండనీ."

రాజ్యం అక్కణ్ణించి కదల్లేదు.

"నింద బజార్లో వేశారు. తప్పయిందని మాత్రం కండువా కింద చెబుతారా?"

ఆమే వెళ్లి ఫోను హ్యాండిలు తిప్పింది. సూపర్‌వైజరుగార్ని పిలవమని చెప్పి, రిసీవరు వెంకటాచలపతి చేతికిచ్చింది. కూలీలు బుట్టలు దింపేశారు. ఎదురుకొట్లో పేపరు మెల్లిగా కిందికి జారింది.

"ప్రభాకరరావుగారూ, మేష్టారి అమ్మాయి తప్పేం లేదండీ. తప్పు నాదండీ" అన్నాడు వెంకటాచలపతి నోట్లో నోట్లో.

"కలకత్తాతో మాట్లాడినట్టు అరిచి చెప్పండి" అంది రాజ్యం. "లైబ్రరీ దాకా వినపడాలి."