కాఫీ పోసే ఆవిడ

యాపిల్స్ చెక్కు తీస్తున్నాను. చర్చిలో జరిగే టర్కీ కోడి విందుకు ముప్పై యాపిల్ పైలు, అంటే లోపల పండు కూరి కాల్చే తీపి రొట్టెలు, నా వంతు. ఇరవై రెండేళ్లుగా నా వంతే, ఎవరు రాసిపెట్టారో తెలియదు. మా ఆయన గార్నెట్ టీవీ ముందున్నాడు. ఏడింటికి మా కెనడా కామెడీ, ఎనిమిదింటికి అమెరికా వాళ్లది. రెండూ మా ఊరి లాంటి చిన్న ఊళ్ల కథలే. రెండింట్లోనూ ఊరి వింత మనుషులంతా చేరే ఒక హోటలు, అక్కడ కాఫీ పోసే ఒక ఆవిడ.

ఆ రెండింటినీ పోల్చడం ఆయనకు వ్యసనం. "వాళ్లకి ప్రతివారం ఎవడో ఒకడు లేచి ఉపన్యాసం దంచాలి, అందరూ వాటేసుకుని ఏడవాలి. మనవాళ్లని చూడు డోరీన్, సారీ అనేసి టోపీ సర్దుకుని పోతారు. మర్యాదంటే అదీ!"

నా రొమ్ములో గడ్డ చేతికి తగిలి మూడు వారాలైంది. శుక్రవారం రెజైనా పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపుతామన్నారు. మూడు గంటల ప్రయాణం. విందు కూడా ఆ రోజే. మా ఊరి పద్ధతిలో నవ్వుతూ, ట్రాక్టరు టైరు సంగతి చెప్పినట్టు గార్నెట్‌కు చెప్పాను.

"శుక్రవారమా? వాయిదా వేయించుకో. సగం ఊరు నీ యాపిల్ పై కోసమే వస్తుంది కదే!" అన్నాడు. అది పొగడ్తనుకున్నాడు. విందు పెత్తనమంతా అర్డిత్‌ది, ఆమెకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. "అయ్యో పాపం! అయితే గురువారమే చేసి పెట్టేస్తావన్నమాట" అంది. నేను ఆమెకు సారీ చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇవాళ మా కామెడీలో కాఫీ పోసే ఆవిడ కనబడలేదు. ఆ నటి మానేసిందట. "మర్టిల్ ఏదిరా?" అన్నాడొకడు. "విన్నిపెగ్‌లో చెల్లెలి దగ్గరికి పోయింది" అన్నాడు ఇంకొకడు. అంతే. మరొకావిడ అదే ఏప్రన్ కట్టుకుని కాఫీ పోసింది.

గార్నెట్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశావా, ఒక్క ముక్కలో తేల్చేశారు! అమెరికా వాళ్లు రెండు వారాలు ఏడిపించారు."

నిజమే. పోయిన చలికాలం అక్కడి కాఫీ ఆవిడ వెళ్లిపోతుంటే ఊరంతా బస్సు చుట్టూ చేరి ఏడ్చింది. ఇక్కడ కూర్చుని నేనూ ఏడ్చాను. మూడో వారం అక్కడా కొత్తావిడే, అదే ఏప్రన్. తేడా అంతా సాగనంపడంలోనే ఉంది. ఆరేళ్లు చూశాం, మర్టిల్ అయినా, అక్కడి ఆవిడైనా హోటలు మూసేశాక ఎక్కడికి వెళ్తుందో, ఏం తింటుందో ఏ ఊళ్లోనూ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. చావు భయం మూడు వారాలుగా ఉన్నదే. నన్ను ఎంత నీటుగా తేల్చేస్తారో ఇవాళ తెలిసింది.

ఇంకా పన్నెండు యాపిల్స్ ఉన్నాయి. కత్తి పక్కన పెట్టి, ఏప్రన్ విప్పి గార్నెట్ ఒళ్లో పడేశాను.

"ఇదేంటే?"

"శుక్రవారం రెజైనా వెళ్తున్నా. కారు నాకు కావాలి."

"మరి పైలు?"

సారీ గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

"ఏప్రన్ ఉందిగా. అది ఎవరికైనా సరిపోతుంది."