పడవలో చోటు

రాయపూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు సినిమా వేస్తున్నారంటే మన తెలుగువాళ్లకి బెంగే ఉండేది కాదు. పార్సిల్ గుమస్తా సూర్యారావు తెర పక్కన నిలబడి, దొరలు ఏడ్చినా తిట్టినా తెలుగులో చెప్పేసేవాడు. రంగూన్‌లో పుట్టి పెరిగిన మనిషి. జపాను యుద్ధంలో ఓ కెప్టెన్ దొరకి దుబాసీగా చేశాడాయె.

ఆ పనెంత వాటంగా చేశాడంటే, దొర "ఈ దొంగవెధవల్ని బియ్యం తెమ్మను" అంటే, ఈయన బర్మా పల్లెవాళ్లకి "దొరగారు మీ దయ కోరుతున్నారు" అని చెప్పేవాడు. పాపం వాళ్లు ఆ దొరని దేవుడనుకున్నారు. దొరకి బియ్యమొచ్చింది, పేరూ వచ్చింది. సూర్యారావుకి అలవాటు మిగిలింది.

జపానువాళ్లు తరుముకొస్తుంటే, ఏటి ఒడ్డున ఉన్న ఒక్క పడవలో ఒక్కరికే చోటుంటే, దొర తాను ఆగి ఆ చోటు తనకిచ్చాడని ఇక్కడికొచ్చాక సూర్యారావు కాలనీ అంతా చెప్పుకున్నాడు. భార్య రమణమ్మ ఏటా కార్తీకంలో ఆ తెల్లాయన పేరున ఖారూన్ ఏట్లో దీపం వదిలేది.

ఖర్మ కాలి, ఆవేళ సినిమా కూడా ఓ సోల్జరూ అతని దుబాసీ కథే. దొర దుబాసీ భుజం తట్టినప్పుడల్లా ఫైర్‌మన్ నూకరాజు బెంచీ మీంచి లేచి, "అదిగో, మన సూర్రావు బావ" అనేవాడు. సూర్యారావు మొహం వెలిగిపోయేది. ఇంతలో తెర మీద ఏరొచ్చింది. పడవలో ఒక్కరికే చోటు.

సూర్యారావు తెలుగు చెప్పడం మాని తెర వైపు తిరిగాడు.

"ఏటంతన్నాడు దొర?" అన్నాడు నూకరాజు.

ఆనాడు బర్మాలో సూర్యారావుని ఒడ్డునే వదిలెయ్యమన్న కెప్టెన్ దొర మాటని పడవవాడికి బర్మా భాషలో చెప్పింది తనే మరి. అదీ మర్యాదగానే చెప్పాడు. ఆ మాటే ఇన్నేళ్లకి తెలుగులో బయటికొచ్చేసింది.

"ఈణ్ణి వదిలేసి పడవ తొయ్యి, అంటున్నాడు."

తెర మీద సోల్జరు తన చోట్లోంచి దిగి, దుబాసీని ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. హాలంతా గొల్లున నవ్వింది.

"గల్తీ చెప్పీసినావు బావా," అన్నాడు నూకరాజు. "నీ ఇంగ్లీషు తుప్పట్టీసినాది. నిన్ను బతికించిన దొరల మీద అలాటి నింద ఎయ్యకూడదు."

"పొరపాటే," అన్నాడు సూర్యారావు. మిగతా కథంతా బుద్ధిగా చెప్పాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు రమణమ్మ మిగతా ఆడవాళ్లని ముందుకి పోనిచ్చి, భర్త పక్కన నడిచింది.

"మరి మీరు ఏరెలా దాటినారు?"

"అరటిబోదె పట్టుకుని, ఈదుకుంటా."

ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

"అయితే ఈ కార్తీకం నుంచి ఆ అరటిబోదె పేరునే దీపం వదులుతాను," అంది.