ముందు సీటు

పోపు చిటపటలాడుతుంటే నా నోటి వెంట "ఎడం పక్క గేదె" అని వచ్చింది. వంటింట్లో గేదేంటి? పప్పులో పోపు తిరగబోసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత భయం వేసింది. నిద్రలో కూడా ఇలాగే అంటున్నానేమో, ఆయన చెవిన పడితే ఊరుకోరు.

ఆయనంటే మా ఆయన పూర్ణచంద్రరావు. తెనాలిలో ఎరువుల కొట్టు మూసేశారు గానీ కారు మాత్రం వదల్లేదు. నీటికాసులని గుంటూరులో కళ్ళ డాక్టరమ్మ చెప్పింది. ఎదురుగా ఉన్నది శుభ్రంగా కనపడుతుందట, పక్కచూపు పోయిందట, ఎడం పక్కయితే అసలు లేదట. కారు మానెయ్యమన్న మాట మాత్రం ఆయనతో అనలేదు, నాతో అంది. "మీరే చూసుకోవాలమ్మా." ఆయన బయటికొచ్చి గోడ మీది బోర్డు గొప్పే చెప్పుకున్నారు. "కింద వరస కూడా చదివేశా. ఆవిడకేం తెలుసు?" హైదరాబాదులో ఉన్న అబ్బాయి కృష్ణకాంత్‌కి ఫోన్ చేస్తే, "నువ్వు నెమ్మదిగా చెప్పమ్మా, నీ మాటయితే వింటారు" అన్నాడు. నా మాట! కూరలో ఉప్పు ఎక్కువైతే తప్ప నా వైపు తిరగని మనిషి నా మాట వింటారట. అందరూ కలిసి ఆయన్ని నా ఒళ్ళో పెట్టేసి చేతులు దులుపుకున్నారు.

అలా నేను క్లీనర్నయ్యాను. లారీకి ఎడం పక్క తలుపు బాదుతూ "రానీ, రానీ" అంటాడే, వాడినన్నమాట. వాడికి జీతమన్నా ఉంటుంది. "ఎడం పక్క సైకిలండి." "ఆటో దూరుతున్నాడు." "ఇంకొంచెం కుడికి." ఆయన ఒక్కసారీ అడగలేదు, నేనే చెప్పేదాన్ని. చెప్పగానే స్టీరింగు తిరిగేది, ఆ వెనకే "నాకు కనపడుతోందిలే, వాగకు" అని వచ్చేది. వయసులో ఉన్నప్పుడు నేనూ డ్రైవింగు నేర్చుకుంటానంటే, "ఇంటికి ఇద్దరు డ్రైవర్లెందుకే" అన్నారు. నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఠక్కున చెల్లింది ఆ కారులోనే. దానికి నాకు కాస్త గర్వం కూడా ఉండేది. సిగ్గులేని గర్వం.

ఆ రోజు మా ఆడపడుచు ఆదిలక్ష్మి కూతురు భవ్యకి బాపట్లలో, అత్తారింట్లో సీమంతం. అయ్యాక పిల్లని పురిటికి రేపల్లె తీసుకెళ్ళాలి. మేనమామ కారులోనే పుట్టింటికి రావాలని ఆదిలక్ష్మి పట్టు.

కోతల రోజులు. పొన్నూరు దాటాక రోడ్డుకి ఎడం పక్క సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పెట్టారు. ఒకావిడ మాకు వీపు పెట్టి కాళ్ళతో వడ్లు తిరగేస్తోంది. సరిగ్గా అప్పుడే ఒళ్ళో గాజుల పెట్టె జారిపోతుంటే వంగి పట్టుకున్నాను. అంతే. తలెత్తేసరికి చక్రాలు వడ్ల మీద ఉన్నాయి, ఆవిడ జానెడు దూరంలో ఉంది. "ఏవండీ!" అని అరిచాను. కారు ఆగింది. ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుని, "కళ్ళు కనపడట్లేదా బాబూ?" అంది. ఆయన నా వైపు తిరిగారు. "ఏం చేస్తున్నావే? చెప్పక్కర్లా?" నేనే దిగి, "మాటల్లో పెట్టానమ్మా, తప్పు నాదే" అన్నాను. బాపట్ల చేరేదాకా రోడ్డు మీంచి కన్ను తిప్పలేదు. ఆవిడకి ఏమన్నా అయితే ఆ పాపం కూడా నా నెత్తినే పడేది.

భోజనాలయ్యాయి. రాహుకాలం రాకముందే బయల్దేరాలని హడావుడి. భవ్య చేతినిండా గాజులతో వచ్చి ముందు తలుపు తీసింది. "అత్తయ్యా, వెనక కూర్చుంటే నాకు వాంతులవుతున్నాయి. నేను ముందు కూర్చుంటానే."

"అడగాలటే? వదినా, నువ్వు వెనక నా పక్కకి వచ్చెయ్యి" అంది ఆదిలక్ష్మి.

వెనక కూర్చుంటే నాకు కనపడేది భవ్య జడా, జడలో పూలూ. రోడ్డు కాదు.

"ఈ పూటకి వేరే కారు పిలుద్దాం ఆదిలక్ష్మీ."

"మా అన్నయ్య కారుండగా కిరాయి కారేంటి వదినా?"

"మీ అన్నయ్యకి ఎడం పక్క కనపడదు. ఇన్నాళ్ళూ ఈ కారు నడుపుతోంది నేను." అనేశాను.

అందరూ ఘొల్లుమని నవ్వారు. భవ్య మామగారు వెంకటరత్నం గారు, "ఏ ఇంట్లోనైనా నడిపేది ఆడవాళ్ళేనండి, మేం ఊరికే స్టీరింగు పట్టుకుంటాం" అన్నారు. మళ్ళీ నవ్వులు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. ఇంతమంది ముందు నోరు తెరిచి నిజం చెప్తే అది హాస్యమైంది. ఇంకెవరికి చెప్పను? భవ్య కడుపు కింద నుంచి సీటు బెల్టు సర్దుకుంటోంది.

వెళ్ళి ఆయన వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన బండి స్టార్ట్ చేశారు. చేసి, ఆగారు. ఎందుకు ఆగారో ఆ కారులో నాకొక్కదానికే తెలుసు. "రానివ్వండి" అని నేననాలి. భవ్య అత్తగారు సుబ్బాయమ్మ గారు ఎడం పక్క ముందు చక్రం దగ్గరే నిలబడి, కోడలి కొంగు తలుపులో పడకుండా సర్దుతున్నారు. "ఉండండి, ఆవిడున్నారు" అన్న మాట నా నాలిక మీదికి వచ్చేసింది. మింగేశాను. నేను చెప్తున్నంత కాలం ఆయన నడుపుతూనే ఉంటారు. బండి అంగుళం కదిలితే అరుద్దామని ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"పోనీ అన్నయ్యా, రాహుకాలం వచ్చేస్తోంది" అంది ఆదిలక్ష్మి.

అద్దంలో ఆయన కళ్ళు నన్ను వెతికాయి. ఆ కళ్ళలో భయం చూశాను. జాలేసింది, చెప్పెయ్యాలనిపించింది. చెప్పలేదు.

"అనూ" అన్నారు. అలా పిలిచి ఎన్నేళ్ళయిందో. "ఎడం పక్క ఎవరన్నా ఉన్నారా?"

భవ్య చెయ్యి బెల్టు మీదే ఆగిపోయింది. అత్తగారి వంక చూసింది, తర్వాత ఆయన వంక చూసింది.

"మావయ్యా, మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు కదా. మీకు కనపడట్లేదా?"

భవ్య ఆ ప్రశ్న అడిగింది ఆయన్ని, నన్ను కాదు. జవాబు ఆయనే చెప్పాలని నేను ఊరుకున్నాను.