నీళ్ళలో వంకర వీధి

హోర్న్ ఊళ్ళో పడవలొచ్చినప్పుడు వంతెన ఎత్తే ఉద్యోగం చేసి రిటైరైన గెర్లోఫ్‌కి చూపు పోయి రెండేళ్ళయింది. అయినా రోజూ మూడింటికి కాఫీ తాగి, హాలు గోడలో బిగించిన అక్వేరియం ముందు కూర్చునేవాడు. పక్కన భార్య హిల్ట్యే.

"ఊఁ, చెప్పు. వీధి ఎలా ఉంది?" అనేవాడు.

ముందు పొట్టిగా మొదలై, వెనక్కి మెట్లు మెట్లుగా ఎత్తు పెరుగుతూ పోయే మొక్కల వరసను అక్కడి అక్వేరియం క్లబ్బువాళ్ళు వీధి అంటారు. గెర్లోఫ్ ఇరవై ఏళ్ళు పెంచిన వీధి, తాడు పట్టి కొలిచినట్టు ఎడమ మూలదాకా పోయేది. చివర్న రొటాలా అనే ఎర్రాకుల మొక్కల గుబురు. "వీధి అన్నాక తిన్నగా ఉండాలి. వంకర పోతే అది సందు," అని క్లబ్బులో కనబడ్డవాడికల్లా క్లాసు పీకేవాడు. చూపు పోయాక ఒక్కసారే నీళ్ళలో చెయ్యి పెట్టాడు. ఒక వరసంతా వేళ్ళతో సహా ఊడొచ్చింది. ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు.

పోయిన చలికాలంలో నీళ్ళని వెచ్చగా ఉంచే హీటర్ పాడైంది. హిల్ట్యే చూసుకునేసరికి వీధి మొత్తం కుళ్ళి గుజ్జయిపోయింది. ఆ మాట ఆమె గొంతు దాటి రాలేదు. ఆయనకు మిగిలిన ఆ ఒక్క వీధినీ పోగొట్టానని ఏ నోటితో చెబుతుంది? కళ్ళు మూసుకుని పాత వీధినే చెప్పసాగింది. చెబుతూ ఉంటే తనూ ఆ ఆకుల నీడలో నడుస్తున్నట్టే ఉండేది. పైనుంచి పచ్చటి వెలుగు దిగేది. ఆకుల అంచుల నుంచి గాలిబుడగలు ఒక్కొక్కటే విడివడి పైకి పోయేవి. నీలం చారల చిన్న చేపలు భుజం పక్కనుంచే ఈదుకుపోయేవి.

"ఆగాగు, ఇక్కడ కాసేపు నిలబడదాం," అనేవాడు గెర్లోఫ్. ఇద్దరూ నిలబడేవాళ్ళు, కుర్చీల్లో కూర్చునే.

ఖాళీ అయిన ఇసుకలో మాత్రం ఆమె తన చేతికి తోచినట్టు కొత్త మొక్కలు నాటింది. ఆ వీధి నడిమి దాకా వచ్చి, నీళ్ళలో అలంకారానికి పెట్టిన నల్లటి చెట్టు మోడు వెనక్కి మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ఆయన కునుకు తీస్తున్నప్పుడు ఆ మలుపు వంకే చూస్తూ కూర్చునేది. అంత సంతోషం కలగడం ఆమెకే సిగ్గుగా ఉండేది.

రోజులు ఇలాగే గడిచిపోయేవి, గెర్లోఫ్ చెప్పాపెట్టకుండా క్లబ్బుకి ఫోన్ చేసి పోటీకి తన పేరు ఇవ్వకపోతే. ఈ పోటీకి అక్వేరియాన్ని ఎక్కడికీ మోసుకెళ్ళరు. జడ్జీయే ఇంటికొచ్చి చూసి, అక్కడికక్కడే తీర్పు పైకి చదువుతాడు. హిల్ట్యేకి వారం రోజులు నిద్ర పట్టలేదు.

జడ్జీ హాస్బ్రూక్ చిన్న పెట్టె పట్టుకుని వచ్చాడు. ఆమె గుమ్మంలోనే ఆపేసింది.

"ఒక్క మాటండీ. లోపల మొక్కలు మారిపోయాయని మా ఆయనకి తెలీదు. పైకి చదవకుండా కాగితం నాకిచ్చేసి వెళ్ళిపోండి, మీకు పుణ్యముంటుంది."

"కుదరదమ్మా. ఉన్నది ఉన్నట్టు చదవడమే నా పని."

"గుమ్మంలో ఏంటా గుసగుసలు? లంచం ఇస్తున్నావా?" అని లోపల్నుంచి నవ్వాడు గెర్లోఫ్.

హాస్బ్రూక్ నీళ్ళు పరీక్షించాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు కదలకుండా చూశాడు. జడ్జీ చూస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. హిల్ట్యే చేతిలో కాఫీ చల్లారిపోయింది.

హాస్బ్రూక్ కాగితం మీద తీర్పు రాసి, పైకి చదివాడు. "వీధి మూలకి పోకుండా మోడు వెనక మలుపు తిరిగింది. నియమం ప్రకారం తిన్నగా ఉండాలి కాబట్టి నాలుగు మార్కులు కోత. అయితే ఈ మలుపు దగ్గర నాకు లేచి నడవాలనిపించింది. ముప్ఫై ఏళ్ళుగా అక్వేరియాలు చూస్తున్నాను, ఇలా అనిపించడం ఇదే మొదలు."

"ఎర్ర రొటాలా?" అన్నాడు గెర్లోఫ్.

"లేదండీ."

గెర్లోఫ్ మొహం నల్లబడింది. "హిల్ట్యే, ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. హీటర్ పోయింది. నేను చూసుకోలేదు."

"అంటే రోజూ నన్ను లేని వీధిలో తిప్పావా?"

"అది నీ వీధి, గెర్లోఫ్. ఒక్క ఆకు కూడా మార్చలేదు."

"గుడ్డివాణ్ణి చేసి ఆడించావు."

హిల్ట్యే ఏడ్చేసింది. తన తప్పు లేదని ఒక్క ముక్క కూడా అనలేదు. గెర్లోఫ్ జడ్జీ ఉన్న వైపు తిరిగాడు.

"ఆ కాగితం మీద ఎవరి పేరుంది?"

"మీదేనండి."

"కొట్టెయ్యండి. నాటినవాళ్ళ పేరుండాలి కదా. ఆవిడ పేరు రాయండి."

కలం గీసిన చప్పుడయ్యేదాకా చెవి రిక్కించి కూర్చున్నాడు. తర్వాత భార్య వైపు చెయ్యి చాచాడు. "ఆ మలుపు తిరిగాక ఏముంది? ఈసారి నిజం చెప్పు."

"ఏం లేదు," అంది హిల్ట్యే ముక్కు తుడుచుకుంటూ. "ఫిల్టర్ గొట్టం ఉంది."

గెర్లోఫ్ పగలబడి నవ్వాడు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

"వచ్చే ఏడు మళ్ళీ నాలుగు మార్కులు కోస్తే కొయ్యనీ," అన్నాడు. "నీ వీధిని తిన్నగా చేశావంటే మాత్రం ఊరుకోను."