అడ్డచుట్ట

పన్ను నొప్పి లేకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే మనుషులు కూడా ఉంటారని నరేష్‌కి నలభై ఒకటో ఏట తెలిసింది. పిల్లాడి పళ్ళు చూపించి డాక్టరు సంతకం తెమ్మని కొడుకు సుమంత్‌కి స్కూల్లో ఒక కాగితం ఇచ్చారు. ఎలాగూ వెళ్తున్నాం కదా, ఇంటిల్లిపాదీ చూపించేసుకుందాం అంది భార్య పుష్ప. పోర్టులో అంత పెద్ద క్రేను నడిపే మనిషికి ఇంట్లో పుష్ప మాట కాదనే ధైర్యం లేదు. శనివారం సాయంత్రం నలుగురూ పెందుర్తిలో ఆటో ఎక్కి గోపాలపట్నంలో దిగారు.

"నన్నెందుకురా లాక్కొచ్చీసినావు? నా పళ్ళకేటి?" అని తల్లి రామలక్ష్మమ్మ దారి పొడుగునా సణుగుతూనే ఉంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. అరవై నాలుగేళ్ళొచ్చినా ఒక్క పన్ను కదల్లేదు. ఇప్పటికీ చెరుకు గడ పంటితోనే చీలుస్తుంది. ఆ ఇంట్లో పళ్ళకి పందెం పెడితే గెలిచేది ఆవిడే.

డాక్టర్ రోజారమణి ముందు పిల్లాణ్ణి చూసింది. పాలపన్ను ఒకటి పుచ్చిందట, సిమెంటు పెట్టాలట.

"ఎలాగూ ఊడిపోయే పన్నే కదండీ," అన్నాడు నరేష్, తెలివైన మాట అన్నాననుకుని.

"ఊడేదాకా అది చోటు కాపాడాలి. ముందే పోతే వెనకొచ్చే పన్ను దారి తప్పుతుంది."

ఊడిపోయే పన్నుకి వైద్యమేమిటో అతనికి బోధపడలేదు. తర్వాత తన వంతు. రెండేళ్ళుగా కుడిపక్క నమలలేక, పీకేస్తారని భయపడి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు. తీరా చూస్తే గార పట్టి చిగురు వాచిందట. శుభ్రం చేసి, రాత్రి పడుకునే ముందు కూడా బ్రష్ చేయమంది, అంతే. ఏ నొప్పీ లేని పుష్పకి మాత్రం పళ్ళ సందుల్లో రెండు చోట్ల పిప్పి పట్టింది. నొప్పి ఉన్నవాడికి జబ్బు లేదు, నొప్పి లేనావిడకి ఉంది. నరేష్ బుర్ర గోక్కున్నాడు.

పుష్ప పిల్లాణ్ణి తీసుకుని బయట కూర్చుంది. రామలక్ష్మమ్మ కుర్చీలో వెనక్కి వాలి, గర్వంగా నోరు తెరిచింది.

"పళ్ళు చాలా గట్టిగా ఉన్నాయమ్మా," అంది డాక్టరు. ఆ మాటకి నరేష్ ఛాతీ కాస్త పొంగింది కూడా. కానీ డాక్టరు లైటు పైకి తిప్పి అంగిలిలోకి చూస్తూ ఉండిపోయింది. చూస్తున్నకొద్దీ ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"ఇక్కడ మంటగా ఉంటుందా? కారం తింటే?"

"నేదమ్మా. నాకేటీ నొప్పి నేదు."

"చుట్ట కాలుస్తారా? మండే కొస లోపలికి పెట్టుకుని?"

"ఛ! నాకలాటి అలవాట్లేటీ నేవు," అంది రామలక్ష్మమ్మ. అనేటప్పుడు డాక్టరు వైపు చూడలేదు, కొడుకు వైపు చూసింది.

నరేష్ గోడ మీది పళ్ళ బొమ్మ వైపు చూశాడు.

ఎందుకంటే ఆ చుట్టలు తెచ్చేది అతనే. చీపురుపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు అడ్డచుట్ట కాల్చడం కొత్తేమీ కాదు. మండే కొస నోట్లో పెట్టుకుని, పొగ లోపలే తిప్పుకుంటూ కలుపు తీస్తారు, గిన్నెలు తోముతారు. ఆడవాళ్ళ మధ్య దాపరికం లేదు. ఇంటి మగాళ్ళ కంటపడితే మాత్రం పరువు పోయినట్టే. అందుకే నాన్న వారానికో చుట్టల కట్ట తెచ్చి బియ్యం బుట్ట వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు పొలానికి పోయేవాడు. అమ్మా ఏమీ ఎరగనట్టు తీసుకునేది. నాన్న పోయి అమ్మ పెందుర్తి ఫ్లాటుకి వచ్చాక, పదిహేను రోజులు అన్నం సయించక గోడకి చేరబడి కూర్చుంటే నరేష్‌కి సంగతి అర్థమైంది. ఆ ఆదివారం చేపలతోపాటు ఒక కట్ట తెచ్చి బాల్కనీలో రేకు డబ్బాలో పడేశాడు. పన్నెండేళ్ళైంది. ఒక్క ఆదివారం తప్పలేదు, ఒక్క మాట అనుకోలేదు. తల్లి మీద ప్రేమంటే అదేనని అతని నమ్మకం.

"తెల్లగా మందం కట్టింది, మధ్యలో ఎర్రగా ఉంది," అంది డాక్టరు, ఈసారి నరేష్‌తో. "ఇదేనని ఇప్పుడే చెప్పలేను. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. కేన్సరు కాకపోవచ్చు, అయ్యే దారిలో ఉండొచ్చు. అడ్డచుట్ట వల్లైతే ఈరోజే మానాలి, మానితే చాలావరకు తగ్గొచ్చు. ఆ అలవాటే లేదంటే నేను వేరే కారణం వెతకాలి. అందుకే నిజం కావాలి. మీకేమైనా తెలుసా?"

తెలుసంటే అమ్మ తల కొట్టేసినట్టవుతుంది, పరాయిమనిషి ముందు, కన్నకొడుకు నోటితో. తెలీదంటే డాక్టరు తప్పుదారి పడుతుంది. పళ్ళు బాగున్నాయని చెప్పిన నోటితోనే ఈవిడ ఈ మాటేమిటి? నొప్పి లేకుండా జబ్బేమిటి? ఏది ముందు ఆలోచించాలో తెలియక అతను తల్లి చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ కాళ్ళు రెండూ కుర్చీ చివర గట్టిగా ముడుచుకుని ఉన్నాయి.

"కాలుస్తాదండి," అన్నాడు చివరికి. "నానే తెస్తన్నాను."

రామలక్ష్మమ్మ నోరు మూసుకుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. డాక్టరు లైటు ఆపింది.

"నీకెప్పుట్నించి తెలుసురా?" కొంగు వెనకనుంచి అడిగింది. "నాను పుష్ప తెస్తన్నాదనుకున్నాను."

"నాన్న ఉన్నప్పుట్నించీ తెలుసమ్మా."

ఆవిడ కొంగు తీసింది. కోపంగా ఉంటుందనుకున్నాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్న ముఖం.

"మరి ఒక్కసారైనా మానీయమ్మా అన్నావు కాదేటిరా? మీ నాన్నా అనలేదు, నువ్వూ అనలేదు. మీలో ఎవురన్నా అనుంటే నాను మానీసెదును కదరా."

ప్రేమ కదమ్మా అనబోయి నరేష్ ఆగాడు. పన్నెండేళ్ళు తను చేసిందేమిటో అతనికే అర్థం కాలేదు.

"సిగ్గేసిందమ్మా."

"నాకూ అదే కదరా," అంది రామలక్ష్మమ్మ. కళ్ళు తుడుచుకుని డాక్టరు వైపు తిరిగింది. "రాసుకో తల్లీ. పద్నాలుగో యేట మొదలెట్టినాను. రోజుకి నాలుగు. ఆదివారం కొత్త కట్ట వస్తాది కదా, ఆ రోజు ఆరు."